పొగ ఎటు పోతుంది?

పబ్జీ ఆడినవాళ్ళకి ఎం416 గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. లూట్‌లో అది కనబడితే చాలు, చేతిలో ఉన్న ఎం16ఏ4ని అక్కడే పడేసి పరిగెడతాం. ఎందుకు పడేస్తున్నామని ఎవరైనా అడిగితే నా దగ్గర రెడీగా ఒక జవాబుండేది. "ఎం16ది డైరెక్ట్ ఇంపింజ్‌మెంట్. ఎం416ది గ్యాస్ పిస్టన్. పిస్టనే బెటర్." యూట్యూబ్‌లో చూసిన ముక్క. మా స్క్వాడ్‌లో దీన్ని కాదన్నవాడు లేడు.

పోయిన అక్టోబరులో అదే ముక్క మా నాన్న దగ్గర వాడాను.

నాన్న ఇరవై రెండేళ్ళు ఆర్మీలో చేశారు. ఆర్మరర్. అంటే తుపాకులు కాల్చే పనికంటే వాటిని విప్పడం, తుడవడం, రిపేరు చేసి మళ్ళీ కోత్‌లో పెట్టించడం ఎక్కువ. కోత్ అంటే ఆయుధాలు దాచే గది. నా డైలాగ్ మొత్తం విని, ఆయన ఒక్కటే అడిగారు.

"సరేరా. మరి పొగ ఎటు పోతుంది?"

నాకు అర్థం కాలేదు. ఏ పొగ? ఆ ప్రశ్న వెనక పడితే ఒక రోజు పట్టింది. ఆ రోజు కథే ఇది.

హైవే పక్కన నీలం గుమ్మటం

అక్కావాళ్ళు అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, రాకీ హిల్ అనే ఊళ్ళో ఉంటారు. పక్కనే హార్ట్‌ఫర్డ్. అది ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు. ఆ కంపెనీల ఐటీ పనుల మీద వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు. మా బావా అందులో ఒకడు. నేను బోస్టన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. అమ్మానాన్న టూరిస్టు వీసా మీద వచ్చి అప్పటికి నెలయింది.

అమ్మకి మనవరాలుంది, రోజు ఇట్టే గడిచిపోతుంది. నాన్నకే ఏమీ తోచదు. పొద్దున్నే లేచి వాకింగ్, తర్వాత బావ గ్యారేజ్‌లో స్పానర్లు సైజు ప్రకారం సర్దడం. మూడుసార్లు సర్దేశారట. "నాన్నని ఎక్కడికైనా తీసుకెళ్ళరా బాబూ" అని అక్క ఫోన్ చేస్తే వీకెండ్‌కి వెళ్ళాను.

నయాగరా ఆల్రెడీ చూసేశారు. న్యూయార్క్ చూసేశారు. "స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ వెళ్దామా?" అన్నాను. నాన్న చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టేశారు. "గరాండ్ పని చేసిన చోటు కదూ?" అన్నారు. ఆయన నోట అంత ఆత్రం నేను వినలేదెప్పుడూ.

బావ కారు తీశాడు. ఐ-91 హైవే మీద ఉత్తరంగా వెళ్తే స్ప్రింగ్‌ఫీల్డ్ గంట కూడా పట్టదు. అక్టోబరు కదా, రెండు వైపులా చెట్లు పసుపు, నారింజ, ఎరుపు. హార్ట్‌ఫర్డ్ దగ్గరికి రాగానే ఎడమ వైపు ఒక పాత ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ, దాని మీద ఉల్లిపాయ ఆకారంలో నీలం గుమ్మటం. గుమ్మటం మీద బంగారు చుక్కలు, కొసన రెండు కాళ్ళ మీద లేచిన గుర్రంపిల్ల.

"గుడా, మసీదా?" అన్నారు నాన్న.

"కోల్ట్ తుపాకుల ఫ్యాక్టరీ మావయ్యగారూ" అన్నాడు బావ. "1855లో కట్టారు. తర్వాత తగలబడితే మళ్ళీ కట్టారు."

కోల్ట్ అంటే ఎం16 తయారు చేసిన కంపెనీ. స్ప్రింగ్‌ఫీల్డ్ అంటే దానికి ముందు అమెరికా సైన్యానికి రైఫిళ్ళు చేసిన సర్కారు ఫ్యాక్టరీ. రెండింటికీ మధ్య నలభై కిలోమీటర్లు, ఒకే నది. పిస్టన్‌కీ, గొట్టానికీ మధ్య జరిగిన గొడవలో సగం ఈ నలభై కిలోమీటర్లలోనే ఉందని అప్పటికి నాకు తెలీదు.

కాలేజీ మధ్యలో ఆయుధాల కొట్టు

స్ప్రింగ్‌ఫీల్డ్ మసాచుసెట్స్ రాష్ట్రంలోది. బాస్కెట్‌బాల్ పుట్టిన ఊరు. హైవే పక్కనే బంతిలా గుండ్రంగా ఉన్న బాస్కెట్‌బాల్ మ్యూజియం కనిపిస్తుంది. మేం దాన్ని దాటి, ఊరి మీదుగా గుట్టెక్కాం. పైన ఇప్పుడు ఒక కమ్యూనిటీ కాలేజీ ఉంది. పిల్లలు బ్యాగులేసుకుని క్లాసులకి పోతుంటారు. వాళ్ళ మధ్యలో పాత ఇటుకల భవనం, అదే మ్యూజియం. టికెట్ లేదు.

1777లో, స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, సామగ్రి దాచుకోవడానికి ఈ చోటు ఎంచుకున్నారు. 1794 నుంచి తుపాకులు తయారు చేయడం మొదలుపెట్టారు. 1968లో మూసేశారు. అంటే 170 ఏళ్ళకి పైగా తయారీ నడిచింది.

లోపలికి వెళ్ళగానే నాన్న ఆగిపోయింది మాత్రం ఒక పెద్ద చట్రం ముందు. వందల పాత తుపాకులు గొట్టాలు పైకి పెట్టి నిలువుగా పేర్చి ఉన్నాయి. చర్చిలో వాయించే ఆర్గన్ గొట్టాల్లా ఉంటుంది. 1843లో పెళ్ళయిన కొత్తలో కవి లాంగ్‌ఫెలో భార్యతో వచ్చి ఇలాంటి చట్రాన్నే చూశాడట. ఆ చూపులోంచే యుద్ధం వద్దనే పద్యం పుట్టింది. హనీమూన్‌కి తుపాకుల కొట్టు చూడ్డానికొచ్చారా అని బావ నవ్వాడు. నాన్న నవ్వలేదు. "ఎంత బాగా సర్దారో చూడు" అన్నారు.

అక్కణ్ణుంచి గరాండ్ రైఫిల్ దగ్గరికి వెళ్ళాం.

జాన్ గరాండ్ కెనడాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. బట్టల మిల్లులో పని చేస్తూ యంత్రాలు నేర్చుకున్నాడు. 1919లో ఇక్కడ చేరాడు. పదిహేనేళ్ళకి పైగా ఒకే రైఫిల్‌ని చెక్కుతూ కూర్చున్నాడు. 1936లో సైన్యం దాన్ని తీసుకుంది. అదే ఎం1 గరాండ్. మొత్తం యాభై లక్షలకి పైగా తయారయ్యాయి. పేటెంట్లు ప్రభుత్వానికి ఇచ్చేసి జీతం మీదే బతికాడు. ఆయనకి లక్ష డాలర్లు ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెడితే, అది పాస్ కాలేదు.

"మన సర్కారు ఉద్యోగమే" అన్నారు నాన్న.

అక్కడే నేను నా యూట్యూబ్ ముక్క వదిలింది. అక్కడే ఆయన పొగ సంగతి అడిగింది.

కుక్కర్ వెయిట్, క్యారమ్స్ స్ట్రైకర్

నాన్న అద్దానికి వేలు పెట్టి చూపిస్తూ చెప్పారు. నా మాటల్లో పెడతాను.

తూటా పేలినప్పుడు లోపలి మందు కాలి వేడి గ్యాస్ అవుతుంది. ఆ గ్యాసే బుల్లెట్‌ని బయటికి తోస్తుంది. పాత తుపాకుల్లో అక్కడితో పని అయిపోయింది. తర్వాతి తూటా కోసం సిపాయి చేత్తో బోల్ట్ లాగాలి, ఖాళీ తొడుగు బయటికి తీయాలి, కొత్తది తోయాలి. మరి ఆ గ్యాస్‌లో కొంచెం మళ్ళించి, ఆ పని దానితోనే చేయిస్తే? అందుకే బారెల్‌కి పైనో కిందో చిన్న రంధ్రం పెడతారు. బుల్లెట్ ఆ రంధ్రం దాటగానే కొంత గ్యాస్ అందులోంచి పక్కకి వస్తుంది. ఇక్కడిదాకా అన్నీ ఒకటే. తేడా అంతా ఆ తర్వాత.

"కుక్కర్‌లో ఆవిరి వెయిట్‌ని పైకి లేపుతుంది కదా? పిస్టన్ ఆ వెయిటే" అన్నారు నాన్న. రంధ్రంలోంచి వచ్చిన గ్యాస్ ఒక ఇనుప కడ్డీని కొడుతుంది. కడ్డీ వెనక్కి వెళ్ళి బోల్ట్‌ని తెరుస్తుంది. స్ప్రింగ్ దాన్ని మళ్ళీ ముందుకి తోస్తుంది.

పిస్టన్‌లో కూడా రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో కడ్డీ బోల్ట్ మోసే భాగానికి అతికే ఉంటుంది, ఆ చివరిదాకా కలిసే వెళ్తుంది. గరాండ్ అదే, ఏకే-47 అదే, మన ఇన్సాస్ అదే. రెండోదాంట్లో కడ్డీ ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోతుంది, మిగతా దూరం బోల్ట్ ఆ ఊపుతోనే పోతుంది. "క్యారమ్స్ స్ట్రైకర్ లాగా. కాయిన్‌తో పాటు స్ట్రైకర్ పాకెట్‌లోకి పోదు కదా." నాన్న చేరిన కొత్తలో వాడిన ఎస్ఎల్ఆర్ ఈ రకం. మనం ఆటలో ఎత్తుకునే ఎం416కి అసలు పేరు హెచ్‌కే416, జర్మన్ కంపెనీ చేసింది. అదీ ఈ రకమే.

"ఏ రకమైనా, మసి మొత్తం ఇదిగో ఈ ముందు భాగంలోనే ఉండిపోతుంది. గ్యాస్ ఇక్కడే బయటికి పోతుంది. బోల్ట్ దాకా రాదు. అంటే పొయ్యికి పొగగొట్టం పెట్టినట్టు. వంటిల్లు నల్లబడదు."

"మరి ఎం16లో?"

"పద, అదీ చూద్దాం."

పిస్టన్ తీసేసిన మనిషి

యూజీన్ స్టోనర్ రెండో ప్రపంచయుద్ధంలో మెరీన్. తర్వాత కాలిఫోర్నియాలో ఆర్మలైట్ అనే చిన్న కంపెనీలో ఇంజినీరు. 1950లలో ఆయన పిస్టన్ కడ్డీని తీసేశాడు. దాని బదులు సన్నటి స్టీలు గొట్టం ఒకటి పెట్టి, గ్యాస్‌ని బారెల్ మీద నుంచి తిన్నగా వెనక్కి, బోల్ట్ మోసే భాగం లోపలికే పంపాడు. అక్కడ గ్యాస్ వ్యాకోచించి బోల్ట్‌ని తెరుస్తుంది. పని అయ్యాక పక్కనున్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. దీన్నే అందరూ డైరెక్ట్ ఇంపింజ్‌మెంట్ అంటారు. నిజానికి అలా గ్యాస్‌తో నేరుగా కొట్టించే రైఫిళ్ళు స్వీడన్, ఫ్రాన్స్ అంతకుముందే చేశాయి. తనది అది కాదని స్టోనర్ పేటెంట్‌లోనే రాసుకున్నాడు. ఆయన లెక్కలో బోల్టే పిస్టన్, దాన్ని మోసే భాగమే సిలిండర్. పేరు మాత్రం అలా స్థిరపడిపోయింది.

లాభమేంటి? కడ్డీ లేదు కాబట్టి బరువు లేదు. కదిలే భాగాలన్నీ బారెల్‌కి సరిగ్గా వెనకే, ఒకే గీత మీద ఉంటాయి. కాల్చినప్పుడు తుపాకీ మూతి తక్కువ ఎగురుతుంది. అప్పటి సైన్యం రైఫిల్ ఎం14 నాలుగు కిలోల పైన ఉంటే, ఎం16 మూడు కిలోలలోపు. అడవిలో రోజంతా మోసేవాడికి ఆ కిలో తేడా చిన్నది కాదు. అంత తూటాలు ఎక్కువ పట్టుకెళ్ళచ్చు.

ఈ ఎం14 ఎక్కడ పుట్టిందనుకుంటున్నారు? ఇక్కడే, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. గరాండ్‌కి వారసుడు, పిస్టన్ రైఫిల్. స్టోనర్ మొదటి రైఫిల్ ఏఆర్-10ని పరీక్షించిందీ ఇక్కడే. 1957 మొదట్లో ఆ పరీక్షలో దాని బారెల్ పగిలిపోయింది. అల్యూమినియం, స్టీలు కలిపి చేసిన బారెల్ అది. స్ప్రింగ్‌ఫీల్డ్ గెలిచింది. కానీ స్టోనర్ డిజైన్‌ని చిన్నది చేసి ఏఆర్-15 అన్నారు. 1959లో దాని హక్కులు కోల్ట్ కొనుక్కుంది. మనం పొద్దున చూసిన నీలం గుమ్మటం కంపెనీ. కొన్నేళ్ళలో అదే ఎం16 అయి వియత్నాం వెళ్ళింది. ఎం14 తయారీ ఆగింది, 1968లో ఈ గుట్ట మీద ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

"అంటే పొగ..." అన్నాను.

"వంటింట్లోకే" అన్నారు నాన్న. "అందులో తప్పేం లేదురా. కట్టెల పొయ్యి మీద మీ నాన్నమ్మ జీవితమంతా వండింది. కానీ రోజూ అలికేది."

అలికే పని లేదన్నారు

ఇక్కడ కథ బరువెక్కుతుంది.

ఎం16 వియత్నాం వెళ్ళినప్పుడు, దీన్ని పెద్దగా తుడవక్కర్లేదనే మాట సిపాయిల దాకా పాకింది. కొత్త మెటీరియల్, కొత్త డిజైన్, తనని తానే శుభ్రం చేసుకుంటుంది అని. చాలామందికి క్లీనింగ్ కిట్లే అందలేదు. ఎలా విప్పి తుడవాలో నేర్పడమూ సరిగ్గా జరగలేదు.

అదొక్కటే అయితే ఎలాగో గడిచేదేమో. ఇంకో రెండు పనులు జరిగాయి.

మొదటిది మందు. స్టోనర్ రైఫిల్‌ని ఒక రకం మందుకి లెక్క కట్టి చేశాడు. 1964లో సైన్యం తూటాల్లో మందు మార్చేసింది, బాల్ పౌడర్ అనే రకానికి. అది గ్యాస్ రంధ్రం దగ్గర ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. అంటే బోల్ట్ మరీ తొందరగా, మరీ గట్టిగా వెనక్కి పోతుంది. ఖాళీ తొడుగు ఛాంబర్ గోడకి ఇంకా అతుక్కుని ఉండగానే దాన్ని లాగడానికి చూస్తుంది. పైగా ఆ మందులో కలిపిన కాల్షియం కార్బొనేట్ వల్ల మసి ఎక్కువ. ఆ మసంతా ఎక్కడికి పోయింది? సన్న గొట్టంలోకి, బోల్ట్‌లోకి.

రెండోది తుప్పు. తూటా కూర్చునే ఛాంబర్‌కి క్రోమ్ పూత వేయలేదు. వియత్నాం అంటే వాన, చెమ్మ, బురద. ఛాంబర్ తుప్పు పట్టి గుంటలు పడితే, పేలిన తొడుగు ఆ గుంటల్లో ఇరుక్కుంటుంది. ఎం14 బారెల్‌కి క్రోమ్ ఉండేది. అంటే తెలియక కాదు.

కాల్పుల మధ్యలో తొడుగు ఇరుక్కుంటే ఏం చేయాలి? క్లీనింగ్ రాడ్ తీసి, ముక్కలు బిగించి, బారెల్ మూతిలోంచి దూర్చి, పొడిచి బయటికి తీయాలి. అవతలివాడు కాలుస్తూ ఉండగా. అదీ రాడ్ ఉంటే.

1967 మే నెలలో ఒక మెరీన్ ఇంటికి రాసిన ఉత్తరం న్యూజెర్సీలో ఒక పేపర్లో వచ్చింది. తమలో చాలామందిని చంపింది శత్రువు కాదు, తమ సొంత రైఫిలే అన్నది దాని సారం. చనిపోయినవాళ్ళ పక్కన విప్పిన రైఫిళ్ళు పడి ఉన్నాయని రాశాడు. ఆ ఉత్తరం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్ళింది. అప్పటికే ఇకార్డ్ అనే సభ్యుడి కింద ఒక కమిటీ విచారణ మొదలుపెట్టింది. అక్టోబరులో రిపోర్టు ఇచ్చింది. తూటాల్లో లోపం తెలిసీ సరిదిద్దకపోవడం నేరంతో సమానమైన నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని అందులో ఉంది.

తర్వాత అన్నీ ఒక్కొక్కటిగా జరిగాయి. ఛాంబర్‌కి క్రోమ్ వేశారు. బోల్ట్ వేగం తగ్గించేలా వెనకున్న బఫర్ బరువు పెంచారు. మందులో కాల్షియం కార్బొనేట్ తగ్గించారు. కిట్లు పంపారు, కిట్ పెట్టుకోవడానికి రైఫిల్ మడమలో చిన్న అర కూడా చేశారు. 1968లో కామిక్ బొమ్మల మాస్టర్ విల్ ఐస్‌నర్‌తో, ఎం16ని ఎలా తుడవాలో చెప్పే బొమ్మల పుస్తకం వేయించి పంచారు.

ఒక్కటి మాత్రం మార్చలేదు. గొట్టం. గ్యాస్ అప్పుడూ బోల్ట్‌లోకే వెళ్ళేది, ఆ తర్వాతా అక్కడికే. అదే రైఫిల్, దాని తమ్ముడు ఎం4 కలిసి అర్ధ శతాబ్దం పైగా అమెరికా సైన్యం చేతిలో ఉన్నాయి.

ఇదంతా నేను మ్యూజియం బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో చదివి నాన్నకి చెప్తూ ఉన్నాను. ఆయన మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. చివర్లో అన్నారు, "తుడవక్కర్లేదన్న మాట దగ్గర సంతకం పెట్టిందెవరో?"

నాన్న సంతకం

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు. అమ్మకి తెలుసో లేదో కూడా తెలీదు.

ఆయన చేరిన మూడో ఏడు. వయసు ఇరవై రెండు. మర్నాడు ఫైరింగ్ ఉంది. కోత్‌లో ఎస్ఎల్ఆర్‌లన్నీ చూసి, రిజిస్టర్‌లో ఒక్కోదాని నంబరు ఎదురుగా సంతకం పెట్టాలి. సాయంత్రమైపోయింది. ఊర్నుంచి ఉత్తరం వచ్చింది, అక్క పెళ్ళి కుదిరిందని. ఎప్పుడు చదువుదామా అని ఉంది. చివరి ఆరేడు రైఫిళ్ళు ఆయన విప్పలేదు. పై నుంచి చిందీతో తుడిచి సంతకాలు పెట్టేశారు.

ఎస్ఎల్ఆర్ ముందు భాగంలో గ్యాస్ ప్లగ్ ఉంటుంది. దాన్ని తీస్తేనే పిస్టన్ బయటికొస్తుంది. మళ్ళీ పెట్టేటప్పుడు ఒక పద్ధతి ఉంది. మామూలుగా పెడితే గ్యాస్ పిస్టన్‌కి వెళ్తుంది. తిప్పి పెడితే గ్యాస్ దారి మూసుకుపోతుంది. అది గ్రెనేడ్ వేయడానికి, అప్పుడు గ్యాస్ మొత్తం ముందుకే కావాలి కాబట్టి. వాటిలో ఒక రైఫిల్‌కి ప్లగ్ తిప్పి ఉంది. అంతకుముందు తుడిచినప్పుడు పెట్టింది కూడా తానేనని నాన్నకి గుర్తు.

మర్నాడు రేంజ్‌లో ఒక కుర్రాడు ఒక రౌండ్ కాల్చాడు. రెండోది రాలేదు. చేత్తో లాగాడు, కాల్చాడు. మళ్ళీ రాలేదు. పక్కవాళ్ళంతా ఐదు కాల్చేసరికి అతను రెండు. కిందపడుకుని భయం భయంగా వెనక్కి తిరిగి చూశాడు. తనే ఏదో తప్పు చేశాననుకున్నాడు.

"రేంజ్ కాబట్టి నవ్వుకున్నారు" అన్నారు నాన్న. "నాకు శిక్ష కూడా చిన్నదే పడింది. కానీ ఆ కుర్రాడు వెనక్కి తిరిగి చూసిన చూపుంది చూశావూ... వాడికి తెలీదు ఆ సంతకం నాదని. నేను వెళ్ళి చెప్పలేదు."

"అది పిస్టన్ రైఫిలే కదా నాన్నా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"పిస్టనే. బంగారం లాంటి రైఫిల్. గ్యాస్ ఎంత వదలాలో తిప్పుకోవడానికి రెగ్యులేటర్ కూడా ఉంటుంది దానికి. ఏం లాభం?"

కాలేజీ పిల్లలు మా ముందు నుంచి పోతూనే ఉన్నారు. ఒకమ్మాయి నాన్న తెల్ల మీసాల వైపు చూసి హాయ్ చెప్పింది. ఆయన తిరిగి చెయ్యి ఊపారు.

మరి ఏది బెటర్?

తిరుగు దారిలో బావ ఊరుకోలేదు. ఇంజినీర్ కదా, డేటా కావాలి. డ్రైవింగ్ నాకిచ్చి, ఫోన్ తీసి వెతికాడు.

"మావయ్యగారూ, ఇది వినండి. 2007లో మేరీలాండ్‌లోని అబర్డీన్‌లో అమెరికా సైన్యం దుమ్ము పరీక్ష పెట్టింది. నాలుగు రకాలు, ఒక్కోదానికి పది రైఫిళ్ళు, రకానికి అరవై వేల రౌండ్లు. గొట్టం ఉన్న ఎం4 882 సార్లు ఆగింది. హెచ్‌కే416 233 సార్లు. మిగతా రెండూ పిస్టన్‌వే, ఒకటి 226, ఇంకోటి 127."

"చూశారా!" అన్నాను స్టీరింగ్ మీద కొట్టి. "చెప్పానా?"

"ఆగు" అన్నాడు బావ. "అదే ఏడాది ఎండాకాలంలో ఇలాంటి పరీక్షే పెడితే ఎం4 307 సార్లే ఆగిందట. రెండు పరీక్షల మధ్య అంత తేడా. పైగా 882లో దాదాపు పావు వంతు మ్యాగజైన్ గొడవలే."

నాన్న కాసేపు కిటికీలోంచి నది వైపు చూశారు.

"దుమ్ములో పిస్టన్ ఎక్కువసేపు లాగుతుంది. అది నిజమే, కాదనను. తుడుచుకునే టైం దొరకనివాడికి అది ఇంకాస్త టైం ఇస్తుంది. కానీ ముందు బరువు పెరుగుతుంది, భాగాలు పెరుగుతాయి. గొట్టం తేలిక, గురి బాగుంటుంది, కానీ బోల్ట్ వేడెక్కుతుంది, మసి పడుతుంది, రోజూ చూసుకోవాలి. ఇచ్చేవాడు ఈ రెండో మాట కూడా చెప్పి ఇవ్వాలి. చెప్పకుండా ఇస్తే ఏదైనా ఒకటే."

ఇప్పుడు సైన్యాలు ఎటు పోతున్నాయో కూడా బావ చదివాడు. నార్వే 2007 నుంచి హెచ్‌కే416కి మారింది. తర్వాత ఫ్రాన్స్ కూడా. అమెరికా సైన్యం 2022లో ఎంచుకున్న కొత్త రైఫిల్ పిస్టన్‌దే, క్యారమ్స్ స్ట్రైకర్ రకం. ఎందుకంటే ఇప్పుడు రైఫిల్ మూతికి సైలెన్సర్ బిగించడం మామూలైపోయింది. సైలెన్సర్ పెడితే గ్యాస్ బయటికి పోవడానికి దారి తగ్గి, వెనక్కి ఎక్కువ వస్తుంది. గొట్టం ఉంటే అదంతా బోల్ట్‌లోకి, అక్కణ్ణుంచి కాల్చేవాడి మొహం మీదికి. మన దగ్గర అమేఠీ పక్కన కోర్వాలో రష్యాతో కలిసి తయారు చేస్తున్న ఏకే-203 కూడా పిస్టన్‌దే, కడ్డీ అతికి ఉండే రకం.

"పొగ ఎటు పోతుంది" అన్న ప్రశ్న ఎంత పెద్దదో అప్పుడు అర్థమైంది. మందు కాలితే పొగ తప్పదు. డిజైన్ చేసేవాడు చేయగలిగింది, అది ఎవరి గదిలోకి పోవాలో నిర్ణయించడమే.

హార్ట్‌ఫర్డ్ రాగానే నాన్న ఆపమన్నారు. పాత కోల్ట్ ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్ళాం. ఆ భవనాల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు ఉన్నాయి. ఒక కిటికీలో పిల్లల సైకిల్, ఇంకో కిటికీలో మొక్కల కుండీ. సాయంత్రం ఎండకి గుమ్మటం మీద చుక్కలు మెరుస్తున్నాయి. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్షన్‌లో నిలబడ్డట్టే.

ఆ రాత్రి భోజనాలయ్యాక సోఫాలో నేను గేమ్ ఓపెన్ చేశాను. నాన్న పక్కన కూర్చున్నారు, కళ్ళజోడు పెట్టుకుని.

"అదేదో 416 అన్నావు. చూపించు."

చూపించాను. తిప్పి తిప్పి చూశారు. స్కోప్, గ్రిప్, సైలెన్సర్, అన్నీ అడిగారు. ఒక మ్యాచ్ ఆడాను. బురదలో పడుకున్నాను, నదిలో ఈదాను, ఇసుకలో దొర్లాను, మూడొందల రౌండ్లు పైనే కాల్చాను. ఆయన ఓపిగ్గా చూశారు.

"దీన్ని ఎప్పుడు తుడుస్తావు?"

"ఇందులో తుడవక్కర్లేదు నాన్నా."

కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆయన నవ్వారు. "వాళ్ళకీ ఇదే చెప్పారు కదరా" అన్నారు. లేచి గ్యారేజ్ లైటు ఆపడానికి వెళ్ళారు.